ఎడమకి ముప్పావు చుట్టు

బాబాయి పోయారని రేపల్లె నుంచి పిన్ని ఫోన్ చేసేసరికి నేను తెనాలిలో, బడిలో, తొమ్మిదో తరగతి పిల్లల మధ్య ఉన్నాను. "వెళ్ళిపోయారు పెద్దమ్మాయ్. టీ పెట్టమన్నారు. పెట్టి తెచ్చేసరికి లేరు" అంది. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమని, కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకున్నాను. మధ్యాహ్నం రేపల్లె పాసింజరు ఎక్కాను.

దారి పొడుగునా ఆయన్ని ఇచ్చినందుకు దేవుడికి వందనాలే చెప్పుకున్నాను. వేమూరు దగ్గర ఒక జ్ఞాపకం, భట్టిప్రోలు దగ్గర ఇంకొకటి. అన్నీ నిజంగా జరిగినవే, దేనికీ రంగు వెయ్యలేదు. నాలుగు రోజుల తర్వాత అదే రైల్లో తిరిగి వస్తుంటే మాత్రం నోట ప్రార్థన రాలేదు.

జ్ఞాపకార్థ కూడికలో పంచే చిన్న పుస్తకానికి ఆయన గురించి రాయమని పిన్ని అడిగింది. "నాకు తెలిసింది రాస్తే నీకు కష్టమవుతుంది పిన్నీ" అన్నాను. "రాయి. దాచి దాచి ఆయన నడుమే వంగిపోయింది" అంది. అందుకని రాస్తున్నాను. ఆయన మంచితనం రాస్తాను. ఆయన నాకు చేసింది కూడా రాస్తాను. క్షమించానా లేదా అన్నది చివరికొచ్చేసరికైనా నాకు తెలుస్తుందేమోనని చూస్తున్నాను.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు. సైన్యంలో ఆర్మరర్‌గా చేశారు. తుపాకులు బాగుచేసే పని. రిటైరై వచ్చాక బాపట్లలో కాలేజీ కేడెట్ల రైఫిళ్ళ గది ఆయనకి అప్పగించారు. అప్పట్లో మా రెండిళ్ళూ బాపట్లలోనే, రెండు వీధుల ఎడంలో ఉండేవి. రేపల్లెలో ఇల్లు కట్టుకుంది చాలా తర్వాత.

ఆయన దేన్నయినా ఎడమ కన్ను మూసి చూసేవారు. తలుపు చట్రం, పెళ్ళిపందిరి గుంజ, వరినాటు వరస, పిన్ని పాపిడి. "రవ్వంత కుడికి" అనేవారు. ఎవరింటికి వెళ్ళినా గోడమీది పటాలు సర్దకుండా మంచినీళ్ళు తాగేవారు కాదు.

పిన్ని ఊరుకునేది కాదు. "ప్రార్థనలో కూడా ఒక కన్నే మూస్తారేంటండీ? దేవుడికి గురి పెడుతున్నారా?"

"రెండూ మూస్తే నువ్వు పప్పులో ఉప్పేశావో లేదో ఎవరు చూస్తారే?"

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండుండేవి. ఒకటి పొట్టి స్క్రూడ్రైవరు. రెండోది ఎర్ర నెయిల్ పాలిష్ సీసా. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ గోళ్ళరంగు వేసుకునేవాళ్ళు కాదు. ఆయన మాత్రం నెలకోసారి ఫాన్సీ షాపుకి వెళ్ళి కొనుక్కొచ్చేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. షాపాయన నవ్వుతూ, "ఎవరికండీ హవల్దారుగారూ, నెలనెలా?" అన్నాడు.

"మా ఆడవాళ్ళకి. ముప్ఫై ఇద్దరున్నారు" అన్నారు బాబాయి, నవ్వకుండా.

ముప్ఫై రెండూ ఆయన గదిలోని రైఫిళ్ళు.

డిగ్రీలో చేరగానే నేనూ కేడెట్‌నయ్యాను. అమ్మ వద్దంది. నాన్న బడిపంతులు. ఔననలేదు, కాదనలేదు. బాబాయే, "నా కళ్ళముందే ఉంటుంది గదా వదినా" అని ఒప్పించారు. ఆ మాట అన్నప్పటి ఆయన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా చేతికిచ్చింది పదిహేడో నంబరు. సైన్యం వాడి పక్కన పెట్టిన పాత బరువు రైఫిలు, ఎస్సెల్లార్ అనేవాళ్ళు. దాని వెనక సైటు వదులైపోయింది. వెనక సైటంటే కంటికి దగ్గరగా నిలబడే చిన్న ఇనప రేకు. దాంట్లో ఆవగింజ దూరేంత కన్నం. ఆ కన్నంలోంచి చూసి, గొట్టం చివరున్న ముందు సైటు ముల్లుని గురి మీద నిలబెట్టాలి. రేకు కదిలితే ఎంత మంచి కన్నయినా దండగే. బాబాయి రైఫిల్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "పళ్ళూడిన ముసలమ్మలాగా గలగలమంటోంది" అన్నారు. పాతది ఊడదీసి కొత్త సైటు వేశారు. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చూపించారు.

"ఇదిగో, అటొక స్క్రూ ఇటొక స్క్రూ. ఎడమది వదులు చేసి కుడిది బిగించావనుకో, సైటు ఎడమకి జరుగుతుంది. అటుది బిగిస్తే ఇటు. తూటా ఎటు పోవాలో వెనక సైటుని అటే జరపాలి. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు."

"మరి నేనే తిప్పుకోవచ్చుగా?"

"తిప్పకూడదు. స్క్రూడ్రైవరు నా చేతిలో, ఊపిరి నీ చేతిలో. నా పని నువ్వు చెయ్యకు, నీ పని నేను చెయ్యను."

మూడు ఆదివారాలు, గుడి అయ్యాక, వాడరేవు వైపు ఇసక దిబ్బల్లోని ఫైరింగ్ రేంజికి కేడెట్ల వ్యానులో వెళ్ళేవాళ్ళం. నేను ఐదు తూటాలు కాల్చేదాన్ని. ఆయన కాగితం తెచ్చి, కన్నాలు చూసి, స్క్రూని పావు చుట్టు తిప్పేవారు. మళ్ళీ ఐదు. మళ్ళీ కాస్త. నా కంటికీ నా చెంపకీ ఆ రైఫిలు కుదిరేదాకా. మూడో ఆదివారం ఐదు కన్నాలూ నడిబొడ్డున పడ్డాయి. అప్పుడు ఆయన నెయిల్ పాలిష్ సీసా తీశారు. స్క్రూ తల మీంచి పక్క ఇనుము మీదకి సన్నగా ఒక ఎర్ర గీత గీశారు.

"ఈ గీత తెగలేదంటే ఎవరూ ముట్టలేదన్నమాట. కాల్చే ముందు గీత చూసుకో. గీత బాగుంటే ఇంక సైటు గురించి ఆలోచించకు. ఒక తూటా పక్కకి పోయిందని రెండోది సర్దుకుని కొట్టావా, చెడ్డావే. తూటా వెనక పరిగెత్తకూడదు. గీతని నమ్ము, ఊపిరి చూసుకో."

ఊపిరి ఎలా చూసుకోవాలో కూడా ఆయనే నేర్పారు. నిండా పీల్చి, సగం వదిలి, మిగతా సగం ఆపాలి. ఆ ఆపిన క్షణంలో మనిషి ఒళ్ళంతా నీళ్ళ కుండలా నిలబడుతుంది. వేలు అప్పుడు కదలాలి. ఆయన మాట ఇంకొకటి ఉంది. ఆ మాటే తర్వాత అంతా తేల్చింది కాబట్టి రాయాలి.

"కన్నాలు కాగితమంతా చెదిరాయంటే తప్పు నీది, చెయ్యి నిలవలేదు. అన్నీ ఒకచోటే పడి, ఆ చోటు పక్కకి పోయిందంటే తప్పు సైటుది. అంటే నాది."

రెండో ఏడు వానల్లో అమ్మ పోయింది. నా తర్వాత ముగ్గురు. ఆఖరివాడికి నాలుగేళ్ళు. వాడు ఆర్నెల్లు నా కొంగు వదల్లేదు. తెల్లవారకముందే లేచి, వంట చేసి, ముగ్గురికీ స్నానాలు చేయించి, కాలేజీకి పోయేదాన్ని. నాన్న మాట తగ్గించేశారు. అన్నం ముందు కూర్చుని కంచంలోకి చూస్తూ ఉండిపోయేవారు.

ఆ చలికాలంలోనే కేడెట్ల షూటింగ్ జట్టు ఎంపిక వచ్చింది. ఎంపికైన అమ్మాయిలు ఉత్తరాదికి శిక్షణకి వెళ్తారు. బాగా కాల్చినవాళ్ళని అక్కణ్ణుంచే మహిళా దళంలో ఉద్యోగానికి తీసుకుంటారు. నేను ఇంట్లో ఏమీ అడగలేదు. ముందు ఎంపిక అవనీ, తర్వాత దేవుడు దారి చూపిస్తాడు అనుకున్నాను. వెళ్ళాలని ఎంత ఉందో పైకి చెప్పలేదు. మాకందరికీ అదే అలవాటు. ఎవరి మనసులోది వాళ్ళ మనసులోనే.

ఎంపిక రోజు పొద్దున బాబాయి రైఫిలు నా చేతికిచ్చారు. అలవాటుగా గీత చూశాను. తెగలేదు. కానీ కొత్తగా ఉంది. తడి ఆరని ఎరుపు. వాసన కూడా పోలేదు.

"మళ్ళీ గీశారా బాబాయ్?"

"ఆఁ. పాతది వెలిసింది" అన్నారు.

నా కోసం గీశారనుకున్నాను. అమ్మ లేదు గదా, బొట్టు పెట్టి పంపినట్టు పంపుతున్నారనుకున్నాను. మా ఇళ్ళలో బొట్టు పెట్టుకోం. అయినా నాకు ఆ పోలికే తోచింది. ఆయన మొహం చూద్దామంటే అప్పటికే తల తిప్పుకున్నారు. అన్నిటినీ ఒంటి కన్నుతో చూసే మనిషి ఆ పొద్దున నన్ను ఏ కన్నుతోనూ చూడలేదు. ఆ సంగతి నాకు తట్టింది ముప్ఫై ఆరేళ్ళ తర్వాత.

ఆయన, మార్కులు వేసే సార్‌తో కలిసి, గురి కాగితాల దగ్గరికి, మట్టిగట్టు కింది గుంటలోకి వెళ్ళారు. వంద గజాల ఇవతల నేను ఇసకలో బోర్లా పడుకున్నాను. మొదటి తూటా కాల్చాను. కాగితం వెనక గట్టు మీద ఇసక లేచింది. కొంచెం ఎడమకి లేచినట్టనిపించింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. తప్పంటే, ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇంకెవరైనా అయితే రెండోది కాస్త కుడికి పట్టి కొట్టేవాళ్ళు. నాకు ఎర్ర గీత గుర్తొచ్చింది. తూటా వెనక పరిగెత్తకూడదు. కళ్ళు మూసి, "ప్రభువా, నా చెయ్యి నిలుపు" అనుకున్నాను. మిగతా నాలుగూ మొదటిదాన్ని కొట్టినట్టే కొట్టాను.

గుంటలోంచి బాబాయి ఒక్కరే నడిచి వచ్చారు.

"చెదిరిపోయాయి అమ్మాయ్."

"ఎడమకి పోతున్నట్టనిపించింది బాబాయ్."

"సముద్రపు గాలికి ఇసక అటు లేచింది. కన్నాలు కాగితమంతా ఉన్నాయి."

"కాగితం చూపించండి."

"చూసి ఏం చేస్తావు? సార్ మార్కులు వేసేశారు." నా భుజం మీద చెయ్యి వేశారు. "నీ చెయ్యి నిలవలేదే. ఇంట్లో అంత జరిగాక ఎలా నిలుస్తుంది? నీ తప్పేం లేదు."

ఆ మాటలో జాలి ఉంది. నేను నమ్మడానికి ఆ జాలే కారణం. కోపంగా అని ఉంటే కాగితం కోసం దెబ్బలాడేదాన్నేమో.

కాకుమాను నుంచి వచ్చే అమ్మాయి ఎంపికైంది. బాగా కాల్చింది. ఆ పిల్ల మీద నాకు ఎప్పుడూ కోపం లేదు.

నేను మళ్ళీ రైఫిలు ముట్టలేదు. డిగ్రీ ముగించి, టీచర్ ట్రైనింగు చేసి, తెనాలి బడిలో సైన్సు టీచరుగా చేరాను. తమ్ముళ్ళూ చెల్లెలూ చదువుకున్నారు, స్థిరపడ్డారు. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి బాబాయి కారణం కాదు, అది వేరే కథ. ఒక్క సంగతి మాత్రం ఆయన వల్లే. నా చెయ్యి నిలవదన్నది నాకు ఒంటి గుణమైపోయింది. ల్యాబులో యాసిడ్ ఒంపాలంటే అటెండరుని పిలిచేదాన్ని. మా చెల్లెలి పిల్లకి చెవులు కుట్టించిన రోజు, "నువ్వు పట్టుకో అక్కా" అంటే పక్కగదిలోకి వెళ్ళిపోయాను. మా గుడిలో ప్రభు భోజనం రోజున పాస్టరుగారి పక్కన ద్రాక్షారసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఒక ఆడమనిషి నడవాలి. ఇరవయ్యేళ్ళుగా అడుగుతున్నారు. "నా చెయ్యి వణుకుతుందండి" అని ఇరవయ్యేళ్ళుగా తప్పుకున్నాను. నిజానికి ఎప్పుడూ వణకలేదు. వణుకుతుందని నమ్మానంతే.

బాబాయి మాత్రం ప్రతి శనివారం మా ఇంటికి వచ్చేవారు. నాన్న ఉన్నప్పుడూ, పోయాకా. కత్తిపీటకి పదును పెట్టేవారు. కిటికీ గడియలు సరిచేసేవారు. ఆఖరివాడికి సైకిలు నేర్పింది ఆయనే. చెల్లెలికి టైఫాయిడ్ వస్తే నన్ను పడుకోమని పంపేసి ఆయన కూర్చున్నారు. నేను తెనాలి వచ్చాక, ఆయన రేపల్లె వెళ్ళాక కూడా శనివారం రైల్లో దిగేవారు, సంచిలో జామకాయలతో. "ఏం సర్దాలి అమ్మాయ్?" అనేవారు గడప దాటకముందే. ఏమీ లేదంటే ఆయన మొహం చిన్నబోయేది. అందుకని నేనే ఏదో ఒక స్క్రూ వదులు చేసి ఉంచేదాన్ని. ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. నవ్వుకునేవాళ్ళం.

ఇంత ప్రేమ ఎందుకా అని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ శనివారాల్లో ఎన్ని నా కోసం, ఎన్ని ఆయన కోసం? ఒక మనిషి చేసిన మంచిని ఇలా రెండు కుప్పలు పెట్టుకోవాల్సి రావడం నాకు ఇష్టం లేదు. అయినా రోజూ అదే పని చేస్తున్నాను.

పోయే ముందు నెల తెనాలి ఆసుపత్రిలో వారం ఉన్నారు. ఒక మధ్యాహ్నం గ్లాసుతో జావ తాగించబోతే నా మణికట్టు పట్టుకున్నారు. నా చేతిని మంచం మీద బోర్లా చాపించి, ఎడమ కన్ను మూసి చాలాసేపు చూశారు.

"నిలకడగానే ఉంది" అన్నారు.

"ఏంటి బాబాయ్?"

"నీ చెయ్యి."

"ఇప్పుడెందుకు లెండి. కావాల్సినప్పుడు లేదుగా" అని నవ్వాను.

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. జ్వరం మాటలనుకున్నాను.

భూస్థాపన అయిన మూడో రోజు. ఆయన సర్వీసు కాగితాలు కావాలని పిన్ని నా చేత ఇనప్పెట్టె తెరిపించింది. బాబాయి యూనిట్ నుంచి ఒక మేకు కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు. "సర్కారు ఇనుము సర్కారు దగ్గరే ఉండాలి" అనేవారు. అలాంటిది, పెట్టె అడుగున, పాత బైబిలు కింద, నాలుగు మడతలు పెట్టిన గురి కాగితం ఉంది.

విప్పాను. ఐదు కన్నాలు. టీ గ్లాసు బోర్లిస్తే ఐదూ మూసుకుపోతాయి. అంత దగ్గరగా ఉన్నాయి. నడిబొడ్డుకి నాలుగు వేళ్ళు ఎడంగా, ఎడమ పక్కన.

నాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. చదవడం నేర్పింది ఆయనే. అన్నీ ఒకచోటే పడి, ఆ చోటు పక్కకి పోయిందంటే తప్పు సైటుది. అంటే నాది.

కాగితం వెనక ఆయన చేతిరాత. ఏ రైఫిలుకి ఏ పని చేసినా రాసుకోవడం ఆర్మరర్ అలవాటు. తప్పు చేసినా ఆ అలవాటు తప్పలేదు. "పదిహేడు. వెనక సైటు ఎడమకి ముప్పావు చుట్టు." కింద ఇంకో సిరాతో, "మర్నాడు కుడికి ముప్పావు చుట్టు. సరి."

రైఫిల్ని మర్నాడే సరిచేశారు.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. కాగితం చూసి అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

"నీకు తెలుసా పిన్నీ?"

"ఆ రోజే చెప్పారమ్మా. ముందురోజు మీ నాన్న వచ్చి మా వరండాలో కూర్చున్నారు. ఏమీ అడగలేదు. అది వెళ్తే పిల్లలేమైపోతారురా అని ఏడ్చారు. ఏడ్చి వెళ్ళిపోయారు. మీ బాబాయి ఆ రాత్రి అన్నం తినలేదు."

"నాన్నకి తెలుసా, ఇది?"

"లేదు. బావగారికి పోయేదాకా తెలీదు. నీ చెయ్యి నిలవలేదనే అనుకున్నారు."

"నన్ను అడగొచ్చుగా పిన్నీ. ఒక్క మాట. ఉండిపోవే అంటే ఉండేదాన్ని."

"ఉంటావని తెలుసు. అందుకే అడగలేకపోయారు." పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "అడిగితే నువ్వు నవ్వుతూ సరే అంటావు, ఆ నవ్వు జీవితాంతం చూడాల్సొస్తుంది అన్నారు. ఓడిపోయిందనుకుంటే నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతుంది అన్నారు. ఎన్నిసార్లు చెబుదామనుకున్నారో. ప్రతి శనివారం బయల్దేరేటప్పుడు, ఇవాళ చెప్పేస్తానే అనేవారు. తిరిగొచ్చి, చెప్పలేదే, కిటికీ గడియ ఊడితే వేసొచ్చాను అనేవారు."

పిన్ని పక్కన గడప మీద కూర్చున్నాను. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఉన్న మడతల మీదే మడిచి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

జట్టు పోయినందుకు కాదు నా బాధ. పోతే పోయింది. తమ్ముళ్ళనీ చెల్లెల్నీ పెంచినందుకు ఒక్కరోజు కూడా నేను విచారించలేదు. నేను ఆగిపోయాను. కానీ ఆగడం నాది కాకుండా చేశారు. అడిగి ఉంటే, ఆ త్యాగం అనే పెద్ద మాట నాకు వద్దుగానీ, నా అంతట నేను ఇంట్లో ఉన్నానన్న తృప్తయినా మిగిలేది. దాని బదులు చేతకాక ఉండిపోయినదాన్నయ్యాను. ముప్ఫై ఆరేళ్ళు నా చేతిని నేనే అనుమానించాను. నా పని నువ్వు చెయ్యకు, నీ పని నేను చెయ్యను అన్నది ఆయనే. నేను ఆయన స్క్రూని ముట్టుకోలేదు. ఆయన మాట తప్పారు. దాన్ని మోసం అనడానికి నాకు నోరు రావడం లేదు. వేరే మాట కూడా దొరకడం లేదు.

ఇంకొక సంగతి మరీ బాధ పెడుతుంది. ఆ గీత. సైటు జరిపి ఊరుకోవచ్చు గదా. మళ్ళీ సీసా తీసి, ఎవరూ ముట్టలేదని గీత గీశారు. ఆ చెయ్యి అప్పుడైనా వణికిందో లేదో అడగడానికి ఆయన లేరు.

తెనాలి తిరిగొచ్చాక ఆదివారం గుడిలో ప్రభు భోజనానికి లేవలేదు. సహోదరుడి మీద మనసులో ఏదైనా పెట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళకూడదని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. పక్కావిడ మోచేత్తో పొడిచి, "ఒంట్లో బాలేదా అక్కా?" అంది. అవునన్నాను. ప్రార్థనకి కూర్చుంటే, క్షమించే మనసివ్వు అని మొదలుపెట్టి, ఎందుకు చేశారు బాబాయ్ అన్న మాట దగ్గరికి వచ్చేసేదాన్ని. దేవుడితో మాట్లాడుతూ ఆయనతో దెబ్బలాడుతున్నాను. మా ఇంటి కిటికీ గడియ ఒకటి మళ్ళీ వదులైంది. దాన్ని బిగించలేదు, అలాగే ఉంది.

మళ్ళీ ప్రభు భోజనం వచ్చేసరికి నెల తిరిగింది. మొన్నటి ఆదివారం. పళ్ళెం పట్టుకునే ఆవిడ కూతురి పురిటికి వెళ్ళింది. గుడి వెనక గదిలో పాస్టరమ్మగారు గ్లాసులు నింపుతూ, నన్ను చూసి నవ్వారు. "మిమ్మల్ని అడిగి లాభం లేదు గదండీ టీచరుగారూ. మీ చెయ్యి సంగతి మాకందరికీ తెలుసు."

"పట్టుకుంటానండి" అన్నాను.

ఆవిడ తల ఎత్తి చూశారు. "నిజంగానా?"

"అవునండి."

నలభై చిన్న గాజు గ్లాసులు. అంచుకి రవ్వంత తక్కువగా ద్రాక్షారసం. పళ్ళెం నేననుకున్నంత తేలికేం కాదు. నిండా ఊపిరి పీల్చాను. సగం వదిలాను. సగం ఆపాను. ఇది నేర్పింది ఎవరో ఆ క్షణాన గుర్తు రాకూడదనుకున్నాను. గుర్తొచ్చారు.

పాస్టరుగారి పక్కనే వరస వెంట నడిచాను. ఒక్కొక్కరూ ఒక్కొక్క గ్లాసు తీసుకుంటున్నారు. వరస చివర, శనివారం వచ్చి ఆదివారం ఉండిపోయినప్పుడు బాబాయి కూర్చునే బెంచీ మూల ఖాళీగా ఉంది. అక్కడ ఆగాం. పాస్టరుగారు నా వైపు తిరిగి, మీరు తీసుకోండి అన్నట్టు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా కాదు. ఆయన అర్థం చేసుకుని ముందుకి కదిలారు.

కదిలే ముందు ఒక్కసారి కిందికి చూశాను. ఇంకా పద్దెనిమిదో ఇరవయ్యో గ్లాసులు మిగిలి ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో మా గుడి తూర్పు కిటికీ, చిన్నగా, తలకిందులుగా. ఏ ఒక్క కిటికీ కదలడం లేదు.